నిండిందని చెప్పేదెవరు?

మీరు ఈ మాటలు వింటున్న ఈ క్షణంలో కూడా మీ కిడ్నీలు పని చేస్తూనే ఉన్నాయి. నిమిషానికి ఇంచుమించు ఒక మిల్లీలీటరు చొప్పున మూత్రం తయారవుతోంది. బొట్టుబొట్టుగా కిందికి దిగి మూత్రాశయంలో చేరుతోంది. మీకు తెలియడం లేదు. ఇంకా తెలియాల్సిన అవసరమూ లేదు. ఓ గంటో, రెండు గంటలో గడిచాక లోపలి నుంచి ఒక చిన్న కబురు వస్తుంది, కాస్త నిండిందని. చేతిలో పని ఉంటే మీరు పట్టించుకోరు. ఇంకాసేపటికి అదే కబురు కొంచెం గట్టిగా వస్తుంది. అప్పుడు లేస్తారు, వెళ్తారు, తిరిగొచ్చి పనిలో పడతారు. మళ్ళీ ఆ సంగతే గుర్తుండదు.

ఇంత మామూలు విషయం గురించి రేడియోలో ప్రసంగం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఇంకొందరికి కాస్త ఇబ్బందిగానూ ఉండవచ్చు. మూత్రం సంగతి మనం నలుగురిలో మాట్లాడుకోం. సొంత అన్నదమ్ములతో కూడా చెప్పుకోం. మనం మాట్లాడుకోకపోవడం వల్లే, ఈ బాధ ఉన్నవాళ్ళు దాన్ని ఒంటరిగా మోస్తున్నారు. అందుకే ఇవాళ మాట్లాడుకుందాం.

నిండిందన్న ఆ కబురు అసలు రానివాళ్ళు మన మధ్య ఉన్నారు. ఆ పోయిన కబురును మళ్ళీ తెచ్చి ఇవ్వాలని చూస్తున్న పరికరాలూ ఉన్నాయి. కొన్ని పొట్ట మీద పెట్టుకునేవి, కొన్ని మూత్రాశయం లోపలే ఉండేవి. వీటినే సెన్సర్లు అంటున్నారు. అవేం చేయగలవు, ఏం చేయలేవు, మన ఇళ్ళకు ఎంత దూరంలో ఉన్నాయి? ఇవాళ్టి మాటలు వాటి గురించే.

ముందుగా మన ఒంట్లోనే ఉన్న సెన్సర్ సంగతి చెబుతాను.

మూత్రాశయం గోడ సాగే గుణం ఉన్న కండరం. మూత్రం చేరేకొద్దీ అది సాగుతుంది. ఆ సాగడాన్ని పసిగట్టే నరాల కొసలు గోడలోనే ఉన్నాయి. అవి మోసిన కబురు నడుము కింది ఎముక గుండా వెన్నుపాముకు చేరుతుంది, అక్కణ్ణించి పైకి మెదడుకు పోతుంది. మెదడు ఆలోచిస్తుంది. ఇప్పుడు వెళ్ళవచ్చా, కాసేపు ఆగాలా అని. ఆగాలంటే కింద ద్వారం బిగించి ఉంచమంటుంది. వెళ్ళవచ్చంటే ద్వారం వదులు చేసి, కండరాన్ని బిగించమంటుంది. ఒకటి బిగిసినప్పుడు రెండోది వదులు కావాలి. ఈ పొందిక మనకు రెండు మూడేళ్ళ వయసులో అలవడుతుంది. ఆ తర్వాత జీవితమంతా దాని ఊసే ఎత్తం.

గోడ సాగిందని నరానికి ఎలా తెలుస్తుంది? ఇది చాలాకాలం అంతుపట్టలేదు. 2020లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ నుంచి ఒక జవాబు వచ్చింది. ఆర్డెమ్ పటపౌటియన్ అనే శాస్త్రవేత్త బృందం పీజో2 అనే ఒక ప్రోటీన్‌ను మూత్రాశయంలో గుర్తించింది. గోడ సాగితే ఈ ప్రోటీన్ తెరుచుకుంటుంది, కబురు బయలుదేరుతుంది. స్పర్శ మీద చేసిన పరిశోధనకు ఆ మరుసటి ఏడాదే, 2021లో, పటపౌటియన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ సరిగా లేని మనుషులు కొందరున్నారు. చాలా అరుదు. వాళ్ళు ఏం చేస్తారో తెలుసా? గడియారం చూసుకుని వెళ్తారు. నిండిందని తెలియదు కాబట్టి, వేళ అయిందని వెళ్తారు.

ఈ మాట గుర్తుంచుకోండి. కబురు లేనిచోట గడియారం. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఒక గీత కార్మికుణ్ణి ఊహించుకోండి. నల్లగొండ వైపో, వరంగల్ వైపో ఒక ఊరు. వాన పడి చెట్టు తడిగా ఉంది. అయినా కల్లు దించకపోతే ఆ రోజు గడవదు. మోకు వేసుకుని ఎక్కాడు. పైన పట్టు జారింది. తాటిచెట్టు మీది నుంచి పడినవాళ్ళు బతికినా, ఎందరికో వెన్ను విరుగుతుంది. తెలంగాణలో ఈ ప్రమాదాలు ఎంత ఎక్కువంటే, చెట్టు ఎక్కేవాళ్ళ భద్రత కోసం కాటమయ్య రక్ష పేరుతో ప్రభుత్వం 2024లో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కిట్టు ప్రతి చెట్టు కిందికీ చేరాలి. ఎందుకంటే పడిన తర్వాత మనం ఇవ్వగలిగేది చాలా తక్కువ.

ఈ మనిషిని ఆస్పత్రికి తెచ్చారు. ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది. కాళ్ళు కదలడం లేదు. కాళ్ళు పోయాయని ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది, చూడవచ్చిన చుట్టాలకూ కనిపిస్తుంది. మూత్రాశయం సంగతి మాత్రం ఎవరికీ కనిపించదు. వెన్నుపాము దెబ్బతింది కాబట్టి కింది నుంచి పైకి పోయే కబురు మధ్యలోనే ఆగిపోయింది. మూత్రాశయం నిండుతుంది. ఎంత నిండినా అతనికి తెలియదు. చివరికి పొంగి, బొట్టుబొట్టుగా కారుతుంది. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? మూత్రం వస్తూనే ఉంది కదా, ఫరవాలేదులే అనుకుంటారు. నిజానికి అది ఖాళీ అవడం కాదు. పొర్లిపోవడం. లోపల నిండుగానే ఉంది.

వెన్ను విరిగినవాళ్ళకే ఈ సమస్య అనుకోకండి. మన ఇళ్ళలో షుగర్ లేని ఇల్లు ఏది? ఏళ్ళ తరబడి షుగర్ అదుపులో లేకపోతే అరికాళ్ళలో స్పర్శ పోతుందని మీకు తెలుసు. మూత్రాశయం నరాలకూ అదే గతి పట్టవచ్చు. అలాంటి పెద్దాయన ఒకరు డాక్టరు దగ్గర సంబరంగా చెబుతారు, 'నాకా ఇబ్బందే లేదండీ, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్తే చాలు' అని. అది ఆరోగ్యం కాకపోవచ్చు. కబురు రావడం తగ్గిపోయిందేమో చూడాలి. వెళ్ళొచ్చాక కూడా లోపల ఎంత మిగిలిపోతోందో చూడాలి. పుట్టుకతో వెన్నెముక సరిగా మూసుకోని పిల్లలున్నారు. పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు. మతిమరుపు జబ్బుతో, కబురు వచ్చినా దాని అర్థం తెలియని వృద్ధులున్నారు.

నిండితే ఏమవుతుంది, కాస్త కారుతుంది, బట్టలు మార్చుకుంటే సరి అనుకోవచ్చు. కాదు. అసలు ప్రమాదం తడి బట్టల్లో లేదు. ఒత్తిడిలో ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయం గుడ్డ సంచి లాంటిది. మీరు ఎంత వేస్తుంటే అంత విచ్చుకుంటుంది. అందుకే అందులో నాలుగైదు వందల మిల్లీలీటర్లు చేరినా లోపల ఒత్తిడి పెద్దగా పెరగదు. నరాలు దెబ్బతిన్న మూత్రాశయం కొన్నాళ్ళకు గోడ మందమై, బిరుసెక్కి, రేకు డబ్బాలా తయారవుతుంది. ఇక విచ్చుకోదు. కొంచెం చేరినా లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ ఒత్తిడి కిందికి దారి దొరక్క పైకి, కిడ్నీల మీదికి పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి మనిషికి పట్టదు. కొన్నేళ్ళకు రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు సగం పాడయి ఉంటాయి.

ఎంత ఒత్తిడి ప్రమాదం? 1981లో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లలను గమనించి ఒక సంగతి చెప్పారు. మూత్రం కారడం మొదలయ్యేసరికి లోపలి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తును దాటితే కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఎక్కువని. అంటే ఒక సన్నని గొట్టాన్ని నిలబెట్టి, అందులో 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్ళు పోస్తే, అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత. మీ మోచేతి నుంచి వేలి కొస దాకా ఉన్న పొడవు ఇంచుమించు అంతే ఉంటుంది. చూడ్డానికి ఎంతో లేదు. కానీ రోజుల తరబడి, నెలల తరబడి ఉంటే కిడ్నీలు తట్టుకోలేవు.

కాబట్టి రెండు కబుర్లు కావాలి. ఒకటి, ఎంత నిండింది. రెండు, ఎంత ఒత్తిడి ఉంది. ఈ రెండూ వేరు. మళ్ళీ చెబుతున్నాను. ఎంత నిండిందన్నది ఒకటి, ఎంత ఒత్తిడి ఉందన్నది ఇంకొకటి. సెన్సర్ల కథ అంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

సెన్సర్లు రాకముందు ఏం చేసేవారు? ఇందాక చెప్పిన గడియారమే. వెన్ను దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది ఒకప్పుడు కిడ్నీలు చెడిపోయే చనిపోయేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ఒక వార్డు తెరిచాడు. వేళకు ఒకసారి సన్నని గొట్టం పెట్టి మూత్రం తీసి, మళ్ళీ గొట్టం బయటికి తీసేసే పద్ధతిని అక్కడ పట్టుదలగా పాటించారు. కానీ దానికి వైద్యులు కావాలి, సూక్ష్మజీవి అనేది లేకుండా శుభ్రం చేసిన సామగ్రి కావాలి. ఇంట్లో అయ్యే పని కాదు.

1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి జాక్ లాపిడెస్ అనే వైద్యుడు ఒక మాటన్నాడు. అంత కట్టుదిట్టం అక్కర్లేదు, చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రంగా ఉన్న గొట్టంతో రోగి తనే తీసుకోవచ్చు, ముఖ్యమైంది వేళ తప్పకుండా ఖాళీ చేయడం అని. అప్పట్లో చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు. కాలం ఆయన పక్షాన నిలిచింది. ఇవాళ మన దగ్గర కూడా వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు ముందుగా నేర్పేది ఇదే. నాలుగైదు గంటలకొకసారి, ఎవరికి వారు, శుభ్రమైన గొట్టంతో. ఈ ఒక్క అలవాటు నిలబెట్టిన ప్రాణాలు ఇన్నీ అన్నీ కావు. నా మటుకు నాకు, ఈ రంగంలో వచ్చిన ఏ యంత్రం కన్నా లాపిడెస్ మాటే పెద్దది.

కానీ గడియారానికి ఒక లోపం ఉంది. దానికి మీరు ఎన్ని నీళ్ళు తాగారో తెలియదు. వేసవిలో చెమట పడితే మూత్రాశయం ఆరు గంటలకు గానీ నిండదు. పెళ్ళికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తాగితే రెండు గంటలకే నిండుతుంది. గడియారం మాత్రం నాలుగు గంటలే అంటుంది. అక్కడే సెన్సర్ అవసరం వచ్చింది.

చిత్రమేమిటంటే, మూత్రం గురించి కబురు చెప్పే యంత్రాల కథ ఎలక్ట్రానిక్స్ యుగంలో మొదలవలేదు. 1904 నాటికే ఒకటి ఉంది. ఆస్ట్రియాకు చెందిన పిల్లల వైద్యుడు మైన్‌హార్డ్ ఫౌండ్లర్ ఆస్పత్రి వార్డులో ఒక ఏర్పాటు చేశాడు. పిల్లవాడు పక్క తడిపితే తడికి విద్యుత్ వలయం పూర్తయి గంట మోగుతుంది. నర్సు వచ్చి పక్క మారుస్తుంది. ఆయన ఉద్దేశం అంతవరకే. కానీ కొన్నాళ్ళకు ఇంకొకటి జరిగింది. గంట మోగుతున్న మంచాల మీది పిల్లలు పక్క తడపడం మానేస్తున్నారు. గంట నర్సు కోసం పెట్టారు. నేర్చుకున్నది పిల్లవాడు. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్నే ఒక వైద్య పద్ధతిగా మలిచారు. పక్క తడిపే పిల్లలకు ఇవాళ్టికీ డాక్టర్లు ఇలాంటి అలారాన్ని సూచిస్తుంటారు. మందు లేదు, మాత్ర లేదు.

ఈ పాత కథ నాకు చాలా ఇష్టం. ఎందుకంటే కబురు ఎవరికి చేరాలన్న ప్రశ్న ఇందులో ఉంది.

అయితే ఆ గంట, తడిసిన తర్వాత మోగేది. తడవకముందే చెప్పాలంటే మూత్రాశయం లోపలికి చూడాలి. గర్భిణులకు చేసే స్కానింగ్ మీకు తెలుసు. మన చెవికి వినిపించని ధ్వని తరంగాలు లోపలికి పోయి, తగిలి, తిరిగి వస్తాయి. అదే పని చిన్న పరికరంతో చేయవచ్చు. పొత్తికడుపు మీద, ఎముకకు కాస్త పైన, జెల్ రాసి, టేపుతో అంటిస్తారు. ధ్వని మూత్రాశయం ముందు గోడకు తగిలి ఒకసారి వస్తుంది, వెనక గోడకు తగిలి ఇంకోసారి వస్తుంది. రెంటికీ మధ్య దూరం పెరిగిందంటే మూత్రాశయం నిండుతోందని అర్థం. ఒక హద్దు దాటగానే ఫోన్‌కు కబురు వస్తుంది, ఇక వెళ్ళాలని.

జపాన్‌లో ట్రిపుల్ డబ్ల్యూ అనే కంపెనీ తెచ్చిన డీఫ్రీ అనే పరికరం ఇలాంటిదే. దాన్ని తలపెట్టిన అత్సుషి నకనిషికి అమెరికాలో చదువుకుంటున్న రోజుల్లో ఒకసారి నడివీధిలో బట్టల్లోనే విరేచనం అయిపోయింది. ఎవరైనా దాచుకునే సంగతి. అతను దాచుకోలేదు. తనే లోకానికి చెప్పి, అలాంటి అవమానం ఇంకొకరికి జరగకూడదని పనికి పూనుకున్నాడు. మొదట విరేచనం సంగతి ముందే చెప్పే పరికరం చేయాలనుకుని, తర్వాత మూత్రం వైపు మళ్ళాడు. జపాన్‌లో వృద్ధులు ఎంతమందంటే, ఓజీ హోల్డింగ్స్ అనే పెద్ద కంపెనీ 2024లో ఆ దేశంలో పసిపిల్లల డైపర్ల తయారీ ఆపేసి, పెద్దవాళ్ళ డైపర్ల మీదే దృష్టి పెడతానంది. అలాంటి దేశంలో, మూత్రం వేళను ముందే చెప్పే పరికరాలను 2022లో వృద్ధుల సంరక్షణ బీమాలో చేర్చారు. ఇది చిన్న విషయం కాదు. ముసలివాళ్ళకు డైపర్ కట్టి వదిలేయడం కన్నా, వేళకు లేపి మరుగుదొడ్డికి తీసుకెళ్ళడమే మర్యాద అని ఒక సమాజం డబ్బు పెట్టి ఒప్పుకున్నట్టు.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి సెన్సర్‌నే పిల్లల కోసం చేశారు. సెన్స్‌యూ అని పేరు. ఆటల్లో పడి, కబురును పట్టించుకోక, పగలు బట్టలు తడుపుకునే పిల్లలు ఉంటారు. బళ్ళో తోటి పిల్లలు నవ్వుతారు. సెన్సర్ చిన్నగా అదిరి, ఆ పిల్లకు మాత్రమే తెలిసేలా చెబుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు.

ఇవి బాగా పని చేస్తాయా? చేస్తాయి, కొన్ని పరిమితుల్లో. పడుకుని ఉన్నప్పుడు ఒకలా, కూర్చున్నప్పుడు ఒకలా మూత్రాశయం స్థానం మారుతుంది. పొట్ట మీద కొవ్వు ఎక్కువగా ఉంటే ధ్వని బలహీనపడుతుంది. పాత ఆపరేషన్ మచ్చలుంటే చిక్కు. జెల్ ఆరిపోతే మరీ చిక్కు. మన ఎండలో, చెమటలో అంటించిన టేపు ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించవచ్చు. ఇంకొందరు పరిశోధకులు ధ్వనికి బదులు కొద్దిపాటి విద్యుత్తును పొత్తికడుపు గుండా పంపి చూస్తున్నారు. మూత్రంలో లవణాలు ఉంటాయి కాబట్టి విద్యుత్తు తేలిగ్గా పోతుంది, నిండేకొద్దీ కొలత మారుతుంది. కానీ మీరు బాగా నీళ్ళు తాగితే మూత్రం పలుచబడుతుంది, లవణం తగ్గుతుంది, లెక్క తప్పుతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతితో కూడా ప్రయత్నాలు జరుగుతున్నాయి.

వీటన్నిటిదీ ఒకే హద్దు. ఎంత నిండిందో చెబుతాయి. ఎంత ఒత్తిడి ఉందో చెప్పలేవు. బయట నుంచి ఒత్తిడి కొలవడం కుదరదు. అందుకు లోపలికి వెళ్ళాల్సిందే.

ఇవాళ ఆస్పత్రుల్లో ఒత్తిడి కొలిచే పరీక్ష ఒకటుంది, యూరోడైనమిక్స్ అని. చేయించుకున్నవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది. మూత్రాశయంలోకి ఒక సన్నని గొట్టం, మలద్వారంలోకి ఇంకొకటి. రెండోది ఎందుకంటే, దగ్గినా, ముక్కినా కడుపంతటా ఒత్తిడి పెరుగుతుంది. ఆ పెరుగుదలను తీసేస్తేనే మూత్రాశయం సొంత ఒత్తిడి తేలుతుంది. తర్వాత గొట్టం ద్వారా సెలైన్ ఎక్కిస్తారు. అది కిడ్నీ నింపే వేగం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా గదిలో ముక్కూమొహం తెలియని మనుషులు. మూత్రం వచ్చినప్పుడు చెప్పండి అంటారు. ఏ మనిషికి మాత్రం మామూలుగా వస్తుంది? పరీక్ష ఉపయోగమైనదే, అవసరమైనదే. కానీ అది ఏడాదికి ఒక అరగంట. మిగిలిన ఏడాదంతా, ముఖ్యంగా రాత్రిళ్ళు, ఆ మూత్రాశయంలో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

ఆ ఖాళీని పూరించాలని అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కొందరు పరిశోధకులు చాలా ఏళ్ళుగా కృషి చేస్తున్నారు. వాళ్ళు తయారుచేసిన యూరోమానిటర్ ఒక మెత్తని, సన్నని పరికరం. మూత్రమార్గం గుండా తిన్నగా లోపలికి పంపితే, మూత్రాశయంలోకి చేరాక వంపు తిరిగి అక్కడే నిలుస్తుంది. బయటికి గొట్టం ఉండదు. తర్వాత లాగి తీయడానికి ఒక దారం మాత్రం ఉంటుంది. తీగలేమీ లేకుండా లోపలి ఒత్తిడి కొలతను బయటికి పంపుతుంది. మనిషి లేచి తిరగవచ్చు, మామూలుగా మూత్రానికి వెళ్ళవచ్చు.

ఇక శాశ్వతంగా లోపల ఉండిపోయే సెన్సర్ సంగతి. దాని దారి కష్టం. మూత్రం ఉత్త నీరు కాదు. అందులో కరిగి ఉన్న లవణాలు ఏ పరాయి వస్తువు దొరికినా దాని చుట్టూ పేరుకుపోతాయి. అంటే సెన్సర్ చుట్టూ రాయి తయారవుతుంది. సూక్ష్మజీవులు దాని మీద పొరలా పట్టుకుంటాయి. అందుకే కొందరు శాస్త్రవేత్తలు లోపల పెట్టకుండా గోడ బయటి వైపు అతికించాలని చూస్తున్నారు. అక్కడా ఒక చిక్కుంది. మూత్రాశయం రోజంతా సాగుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. దానితోపాటు సెన్సర్ కూడా సాగాలి, గోడను మాత్రం కొయ్యకూడదు.

2019లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఇల్లినాయ్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఎలుకల మీద చేసిన ప్రయోగం. మెత్తని పట్టీని ఎలుక మూత్రాశయం చుట్టూ కట్టారు. అది సాగినప్పుడల్లా బయట ఉన్న యంత్రానికి తెలుస్తుంది. మరీ తరచుగా మూత్రం పోస్తోందని యంత్రం గుర్తిస్తే, లోపలి చిన్న దీపం దానంతటదే వెలుగుతుంది. నరాలను ముందుగానే కాంతికి స్పందించేలా మార్చి ఉంచారు కాబట్టి, ఆ వెలుగుకు అవి నెమ్మదిస్తాయి. అంటే కబురు చెప్పడమే కాదు, దానికి తగ్గ పని కూడా చేసే ఏర్పాటు. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. నరాల జన్యువులను మార్చడం తేలికైన నిర్ణయం కాదు, కాకూడదు కూడా. 2024లో నార్త్‌వెస్టర్న్ నుంచే మరో మెత్తని సెన్సర్ గురించి ప్రకటించారు. మూత్రాశయానికి ఆపరేషన్ అయినవాళ్ళకు అది సరిగా కోలుకుంటోందా లేదా అన్నది ఫోన్‌లో చూడాలన్నది ఆశయం. దాన్ని బబూన్ కోతుల్లో వారాల తరబడి పరీక్షించారు.

మరోసారి చెబుతాను. బయట పెట్టుకునే సెన్సర్ ఎంత నిండిందో చెబుతుంది, అది ఇప్పటికే కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది. ఒంట్లో శాశ్వతంగా ఉండి ఒత్తిడి చెప్పే సెన్సర్ ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఇందాకటి ప్రశ్నకు వద్దాం. కబురు ఎవరికి చేరాలి? సెన్సర్ ఫోన్‌కు పంపుతుంది. ఎవరి ఫోన్‌కు? వృద్ధాశ్రమంలో అయితే చూసుకునే మనిషి ఫోన్‌కు. ఇంట్లో అయితే కొడుకు ఫోన్‌కో, కోడలి ఫోన్‌కో. మంచంలో ఉన్న మామగారికి, తన మూత్రాశయం ఎంత నిండిందో తనకన్నా ముందు కోడలికి తెలియడం ఎలా ఉంటుంది? మతి స్థిమితం లేని మనిషి విషయం వేరు. కానీ మాట్లాడగలిగిన, ఆలోచించగలిగిన మనిషికైతే ఆ కబురు ముందు అతనికే చేరాలి. ఇంకెవరికి చెప్పాలన్నది అతని ఇష్టం. కంపెనీల దగ్గర చేరే ఆ వివరాలు ఎవరి చేతిలో పడతాయన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఒంటి మీద మనిషికి ఉండే హక్కు, మంచాన పడినంత మాత్రాన పోదు.

ఇప్పుడు ఈ సెన్సర్లు లేని మన ఇళ్ళ మాట. తెలుగునాట నుంచి ఎందరో వైద్యానికి వెళ్ళే వేలూరులో, సీఎంసీ ఆస్పత్రికి ఒక పునరావాస కేంద్రం ఉంది. దానికి మేరీ వర్గీస్ పేరు పెట్టారు. ఆమె వైద్యురాలు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, రెండు కాళ్ళూ పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది, తనలాంటి వాళ్ళ కోసం ఆ కేంద్రానికి పునాది వేసింది. అలాంటి కేంద్రాల్లో నేర్పేది ఖరీదైన యంత్రాల వాడకం కాదు, ఇంటికి వెళ్ళాక ఎవరి పని వారు చేసుకోవడం. మీ ఇంట్లో వెన్ను దెబ్బతిన్నవాళ్ళు ఉంటే, మీరు ఈ రాత్రి నుంచే చేయగలిగినవి ఉన్నాయి.

కొలతలు గీసి ఉన్న ఒక ప్లాస్టిక్ మగ్గు కొనండి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని గంటలకు తాగారు, ఎంత తాగారు, ఎన్ని గంటలకు మూత్రం తీశారు, ఎంత వచ్చింది, మధ్యలో కారిందా. మూడు రోజులు రాసి డాక్టరుకు చూపించండి. గొట్టంతో తీసిన ప్రతిసారీ 500 మిల్లీలీటర్లు దాటి వస్తోందంటే ఆలస్యమవుతోందని అర్థం. వేళ దగ్గర చేయాలి, ఎంతకన్నది డాక్టరే చెబుతారు. తక్కువే వస్తున్నా మధ్యమధ్య కారుతోందంటే, ఒత్తిడి పెరుగుతోందేమో అడగండి. మూత్రాశయం ఒత్తిడి పరీక్ష అవసరమా అని అడగండి. కిడ్నీల స్కానింగ్ ఎప్పుడు చేయించాలో అడగండి. అన్నీ బాగున్నట్టే ఉన్నా అడగండి, ఎందుకంటే నొప్పి చెప్పదు.

ఇంకొకటి, ఇది మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. ఛాతీ మధ్యభాగంలో గానీ, అంతకన్నా పైన మెడ దగ్గర గానీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి, చెమట పడితే అది మామూలు తలనొప్పి కాదు. బీపీ ప్రమాదకరంగా పెరుగుతోంది. అందుకు అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది నిండిన మూత్రాశయమే. నిండిందన్న కబురు మెదడుకు చేరక, ఒళ్ళు ఇలా చెబుతోందన్నమాట. తలనొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకండి. వెంటనే లేపి నిటారుగా కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం తీయండి. గొట్టం పెట్టే ఉంటే ఎక్కడైనా మెలిక పడిందా, మూసుకుపోయిందా చూడండి. తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తండి. అక్కడి డ్యూటీ డాక్టరుకు ఈ సంగతి తెలియకపోవచ్చు. వెన్ను దెబ్బ ఉన్న మనిషి, మూత్రాశయం నిండి బీపీ పెరిగింది అని మీరే చెప్పండి. ఒక చీటీ మీద రాసి చక్రాల కుర్చీకి తగిలించి ఉంచండి.